నడుము నొప్పి: మూలములు, అపోహలు
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినమున మాకు అప్పగింపబడిన విషయము నడుము నొప్పి. గుండెజబ్బును గూర్చియో, మధుమేహమును గూర్చియో ప్రసంగించు వైద్యునకు సభలో కొంత గంభీరమైన నిశ్శబ్దము లభించును. నడుము నొప్పి యనగానే ముందు వరుసలో చిరునవ్వులు, వెనుక వరుసలో మూలుగులు. ఇది సహజమే. జీవితమున నొక్కమారైనను నడుము పట్టుకొని "అమ్మా" యనని వారు ఈ సభలో అరుదుగా నుందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020వ సంవత్సరమున 61 కోట్ల 90 లక్షల మంది ఈ బాధకు లోనైరి. 2050 నాటికి ఆ సంఖ్య 84 కోట్ల 30 లక్షలకు చేరగలదని అంచనా. లోకములో మనుష్యులను పనికి దూరము చేయు బాధలలో దీనిదే అగ్రస్థానము. ప్రాణము తీయని నొప్పి గదా యని మనము దీనిని చులకన చేయుదుము. ప్రాణము తీయదు గాని కూలి తీయును, నిద్ర తీయును, ఇంటిలోని వారి ఓర్పును గూడ తీయును.

మా యొద్దకు వచ్చువారు అడుగు మొదటి ప్రశ్న "ఏది అరిగినది? ఏది జారినది?" అని. దీనికి మేము చెప్పు సమాధానము పలువురకు రుచింపదు. నూరుగురు నడుము నొప్పితో వచ్చినచో, వారిలో దాదాపు తొంబది మంది విషయమున ఇదిగో ఈ కండరము, ఇదిగో ఈ పూస యని వేలుపెట్టి చూపుటకు వీలు లేదు. నొప్పి నిజమైనదే. కాని యది ఒక్క భాగమున విరిగిన వస్తువు వలన గాక, కండరములు, స్నాయువులు, కీళ్ళు, బిళ్ళలు కలసి అలసి, బెసకి, బిగిసికొనుట వలన కలుగునది. ఇట్టి నొప్పి సాధారణముగా కొన్ని దినములలో సగము తగ్గి, ఆరు వారములలో చాలవరకు నెమ్మదించును. తక్కిన పదిమందిలోనే నరము నొక్కుకొనుట, ఎముక గుల్లయగుట, క్షయ, కంతి మొదలగు నిర్దిష్ట కారణములు కనబడును. ఆ పదిమందిని తొంబదిమంది నుండి వేరుచేయుటయే వైద్యుని పని. ఆ పనిలో రోగి చెప్పు మాట ఏ యంత్రము కంటెను ముఖ్యమైనది. ఈ మాటను గూర్చి చివర మరల ప్రస్తావింతుము.

నడుము నిర్మాణమును కొంచెము తెలిసికొందము. వెన్నెముకలో నడుము భాగమున ఐదు పూసలు కలవు. ఇవి తక్కిన పూసల కంటె లావైనవి. పై శరీరపు బరువంతయు వీనిమీదుగానే కటికి దిగును. పూసకు పూసకు నడుమ మెత్తని బిళ్ళ యుండును. దీనినే వైద్యులు డిస్కు అందురు. బిళ్ళ వెలుపల గట్టి నారపొరలు చుట్టలు చుట్టలుగా నుండును. లోపల నీరు పీల్చుకొను గుజ్జు ఉండును. పెద్దవారి బిళ్ళలోనికి రక్తనాళములు పోవు. కదలిక వలన, బరువు పడి లేచుట వలన ద్రవము లోనికి బయటికి ఇంకుచు దానికి పోషణ నిచ్చును. కదలక యుండుట బిళ్ళకు ఉపవాసము వంటిది. పొగ త్రాగువారికి నడుము నొప్పి హెచ్చుగా వచ్చుటకు రక్తప్రసారము సన్నగిల్లి ఈ పోషణ తగ్గుటయు నొక కారణమని వైద్యుల అభిప్రాయము. రాత్రి పండుకొన్నప్పుడు బిళ్ళలు నీరు పీల్చి ఉబ్బును. అందుచేతనే మనుష్యుడు సాయంకాలము కంటె ఉదయమున ఇంచుమించు ఒక సెంటీమీటరు పొడవుండును. పెండ్లి చూపులకు ఉదయమున పోవుట మేలని ఒక మిత్రుడు హాస్యమాడినాడు. మేము మాత్రము, మంచము దిగిన వెంటనే, బిళ్ళలు ఉబ్బియున్న ఆ మొదటి గంటలో, వంగి బరువు లేపుట తగదని చెప్పుదుము.

బరువు సంగతి వచ్చినది గనుక ఒక చిన్న లెక్క చెప్పెదము. చెన్నైలోను బెంగళూరులోను అనేక గృహములలో త్రాగునీటి డబ్బా 20 లీటర్లది వచ్చుచున్నది. అది 20 కిలోలకు పైమాట. దానిని కాళ్ళు చాపుగా నుంచి, ముందునకు వంగి, చేతులు చాచి పైకెత్తినప్పుడు డబ్బా వెన్నెముకకు సుమారు 40 సెంటీమీటర్ల దూరమున నుండును. దానిని నిలువరించు వెన్ను కండరములు పూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే కలవు. తక్కెడ సూత్రము తెలిసినవారు గ్రహింతురు: ఎనిమిదింతల దూరమునకు ఎనిమిదింతల బలము కావలెను. అనగా ఆ కండరములు 160 కిలోల బలముతో లాగవలెను. వంగిన శరీరపు బరువును ఈ లెక్కలో మేము చేర్చనే లేదు. అదే డబ్బాను మోకాళ్ళు వంచి, పొట్టకు ఆనించుకొని లేపినచో దూరము తగ్గును, భారము నట్లే తగ్గును. నిండు గ్యాసు సిలిండరు 30 కిలోల వరకు తూగును. దానిని ఎత్తుటకు బదులు ఒరగించి అంచుమీద దొర్లించుకొని పోవు గృహిణి మన ఇంజనీర్ల కంటె తెలివిగలది. బరువు లేపుచు నడుమును మెలిత్రిప్పుట అన్నింటికంటె చెడ్డది. బస్సు పైనుండి మూటలు దింపువారు, బావిగట్టున బిందె నెత్తి చంకకు మార్చుకొను స్త్రీలు ఈ మెలికకే చిక్కుదురు.

మన కుటుంబములు తరతరములుగా చేయుచున్న వృత్తులలో నడుమునకు విరోధమైనవి తక్కువ కాదు. గుంటమగ్గము నెరిగినవారు ఈ సభలో నున్నారు. నేత నేయువాడు గుంట అంచున కూర్చుండి, కాళ్ళు గుంటలోని చెక్కలపై నుంచి, ముందునకు వాలి, కన్ను పడుగుపై నిలిపి, ఒక చేత నాడెత్రాడు లాగుచు, రెండవ చేత పేకను కొట్టుచు గంటల తరబడి యుండును. వీపునకు ఆనిక లేదు. కాళ్ళు తొక్కుచుండుట చేత కటి స్థిరముగా నుండదు. దినమునకు వేలమార్లు అదే కదలిక. షోలాపురమునకు తెలంగాణమునుండి పోయి స్థిరపడిన పద్మశాలి కుటుంబములలో పురుషులు మగ్గమునకు, స్త్రీలు బీడీలకు అంకితమైరి. బీడీలు చుట్టు స్త్రీ నేలపై కూర్చుండి, ఒడిలో చేట నుంచుకొని, తునికాకు కత్తిరించి, పొగాకుపొడి పోసి, చుట్టి, దారము కట్టును. కూలి వేయి బీడీల లెక్కన గనుక లేచి నాలుగడుగులు నడచుట యనగా కూలి పోగొట్టుకొనుట. కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతముల అగ్గిపెట్టెల పనిలో నున్న మన స్త్రీల సంగతియు నిట్టిదే. యానాములోను గంజాములోను వరినాట్లు వేయు వారు కాళ్ళు బురదలో దిగబడి, నడుము విల్లువలె వంచి పూటంతయు నుందురు. వీరి నడుము నొప్పికి మందు వ్రాయుట సులభము, పని మార్చుట కష్టము. అయినను మేము చూచిన కొలది కొన్ని చిన్న మార్పులకు ఫలము కలదు. మగ్గము పీటకు వెనుక వంపుగల ఆనిక నమర్చుట, చేటను ఒడిలో గాక చిన్న పీటపై నుంచుట, నేలను విడిచి ఆరంగుళముల ఎత్తైనను పీటపై కూర్చుండుట, అరగంటకొకమారు లేచి నిలువబడి రెండు చేతులు నడుముపై నుంచి వెనుకకు వంగుట. ఈ చివరి దానికి రెండు నిమిషములు చాలును. రెండు నిమిషములలో పోవు బీడీలు ఎన్నియో లెక్కించి, నెలలో నడుము పట్టి పోయిన దినములెన్నియో దానితో పోల్చి చూడుడని మేము చెప్పగా, షోలాపురము నుండి వచ్చిన ఒక ముసలమ్మ వేళ్ళపై లెక్కవేసి "లేచుటే లాభము" అని తేల్చినది.

చదువుకొన్న బిడ్డలు ఈ బాధ తప్పించుకొనిరనుకొనుట పొరపాటు. తాత గుంటమగ్గముపై ఎట్లు వంగెనో మనుమడు బెంగళూరులో కంప్యూటరుపై అట్లే వంగియున్నాడు. పైగా మనుమడు కాళ్ళైనను ఆడింపడు. ఆఫీసు నుండి గతుకుల బాటలో గంటసేపు స్కూటరుపై వచ్చి, పరుపుపై వాలి, సెల్‌ఫోను చూచుచు అర్ధరాత్రి వరకు గడుపును. వెనుకజేబులో లావైన పర్సు పెట్టుకొని దానిమీదనే కూర్చుండు యువకులకు పిరుదు నరముపై ఒత్తిడి పడి కాలు తిమ్మిరెక్కుట మేము ఎరుగుదుము. పర్సు ముందుజేబునకు మారగానే తగ్గిన సందర్భములు కలవు.

ఇక నరము నొక్కుకొనుట. బిళ్ళ యొక్క వెలుపలి నార చిరిగి, లోపలి గుజ్జు వెనుకకు ఉబికి, కాలికి పోవు నరమును తాకినప్పుడు నొప్పి నడుమునుండి పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదము వరకు కరెంటు తగిలినట్లు ప్రాకును. దగ్గినను తుమ్మినను హెచ్చును. ఆయుర్వేదమున దీనికి గృధ్రసి యని పేరు. చరకుడు దీనిని వాతవ్యాధులలో చెప్పినాడు. ఈనాటి వ్యవహారమున సయాటికా. బిళ్ళ ఉబికి నరమును తాకుటయే దీనికి కారణమని 1934లో అమెరికా దేశపు బోస్టను నగర వైద్యులు మిక్స్టరు, బార్ అనువారు స్పష్టముగా నిరూపించిరి. నాటినుండి "డిస్కు జారుట" అను మాట ఇంటింట ప్రచారమైనది. మాట సరియైనది కాదు. బిళ్ళ సబ్బుబిళ్ళవలె జారిపోదు. అది పై క్రింది పూసలకు గట్టిగా అతుకుకొని యుండును. దాని గుజ్జు మాత్రమే ఉబుకును. ఉబికిన గుజ్జులో చాల భాగము కొన్ని నెలలలో శరీరమే క్రమముగా కరగించును. అందుచేతనే సయాటికా వచ్చిన వారిలో అధిక సంఖ్యాకులకు శస్త్రచికిత్స అక్కరలేదు. కాలి బలము తగ్గుచున్నను, వారములు గడచినను భరింపరాని నొప్పి యున్నను శస్త్రచికిత్స ఆలోచింపవలెను. "డిస్కు" అను మాట వినగానే జీవితము ముగిసినదని మంచమెక్కువారిని మేము చాలమందిని చూచితిమి. నొప్పి కంటె ఆ మాటయే వారిని కదలనీయలేదు.

ఎమ్మారై చిత్రములను గూర్చి ఇచ్చట ఒక మాట. 1994లో అమెరికాలో నడుము నొప్పి యేమాత్రము లేని 98 మందికి ఈ చిత్రము తీసిరి. వారిలో 36 శాతమునకే అన్ని బిళ్ళలును నిర్దోషముగా నున్నవి. 52 శాతమునకు ఎక్కడనో ఒకచోట బిళ్ళ ఉబికియున్నది. నొప్పి మాత్రము లేదు! తరువాత 2015లో అనేక పరిశోధనల ఫలితములను కలిపి చూడగా, నొప్పి లేనివారిలో 20 ఏండ్ల వయసున 37 శాతమునకు, 80 ఏండ్ల వయసున 96 శాతమునకు బిళ్ళలలో అరుగుదల కనబడినది. తల నెరసినట్లే బిళ్ళయు నెరయును. నెరసిన తల తలనొప్పికి కారణము కానట్లే, చిత్రములోని ప్రతి అరుగుదలయు నొప్పికి కారణము కాదు. నొప్పి వచ్చిన మరునాడే వేలకు వేలు వెచ్చించి చిత్రము తీయించుకొని, ఆ కాగితములోని గడ్డు మాటలు చదివి దిగులుపడుట వలన మేలు లేదు. ముందు చెప్పబోవు ప్రమాద చిహ్నములు లేనప్పుడు వైద్యుడు "చిత్రము అక్కరలేదు" అన్నచో, ఆయనకు ఏమియు తెలియదని మరియొకరి కడకు పోకుడు. ఆయనకు తెలిసియే అట్లు చెప్పినాడు.

వయసు మీరినవారి నొప్పి వేరు. నాలుగు వీధులు నడచునప్పటికి రెండు కాళ్ళును బరువెక్కి, తిమ్మిరెక్కి, అరుగుమీద కూర్చుండి ముందునకు వంగగానే నెమ్మదించునట్లైనచో వెన్నుపాము దిగువ నరములుండు కాలువ ఇరుకైనదని అనుమానింపవలెను. ఇట్టివారు చేతులూపుకొనుచు నడువలేరు గాని, సైకిలు పట్టుకొని తోసికొనుచు ఎంత దూరమైనను పోగలరు. వంగినప్పుడు కాలువ కొంత విచ్చుకొనును. ముట్లుడిగిన స్త్రీలకు ఎముకలు గుల్లబారుట మరియొక కారణము. పూస నలిగిపోవుటకు పడిపోనక్కరలేదు. బియ్యపు డబ్బా జరిపినను, గట్టిగా తుమ్మినను చాలును. అవ్వ పొట్టియగుచున్నది, చీర అంచు నేలకు తగులుచున్నది, వీపు వంగుచున్నది యని ఇంటివారు గమనించినచో అది ముదిమి యని ఊరుకొనరాదు. ఎముకల దృఢత్వమును పరీక్షించి మందులు వాడవచ్చును. కీళ్ళనొప్పులకని ఊరూర అమ్ము పేరులేని చూర్ణములలో కొన్నింట స్టీరాయిడు మందులు కలిపి యుండుట పరీక్షలలో బయటపడినది. అవి ఒక వారము అద్భుతముగా పనిచేసి, తరువాత ఎముకనే తినివేయును.

కాన్పు సమయమున నడుమునకు ఇచ్చిన మత్తుసూది వలననే తమకు నేటివరకు నడుము నొప్పి యని చెప్పని తల్లి అరుదు. సూది గ్రుచ్చినచోట కొన్ని దినములు నొప్పి యుండును, నిజమే. కాని సూది వేయించుకొన్నవారిని, వేయించుకొననివారిని పోల్చి చూచిన పరిశోధనలలో, ఏండ్ల తరబడి నిలుచు నొప్పికి సూది కారణమని తేలలేదు. గర్భమున కీళ్ళ బంధములు సడలుట, పొట్టకండరములు విడిపోవుట, రాత్రింబవళ్ళు బిడ్డను చంకన వేసికొని వంగి పాలిచ్చుట, నిద్రలేమి, కాన్పు తరువాత ఆ కండరములకు వ్యాయామమే లేకుండుట, ఇవి అసలు కారణములు. సూదిని నిందించి కూర్చున్నచో కండరములు బలపడవు. వావిలాకు వేడినీళ్ళ స్నానము హాయినిచ్చుననుటలో సందేహము లేదు. దానితోపాటు పొట్టకు, నడుముకు వ్యాయామము గూడ నేర్పవలెను.

యువకుల విషయమున ఒక హెచ్చరిక. నలుబది ఏండ్లలోపు వయసున మొదలై, మూడు నెలలు దాటియు తగ్గక, తెల్లవారుజామున నిద్రలేపు నొప్పి. ఉదయము అరగంటకు పైగా నడుము కొయ్యవలె బిగిసి, నడచినకొలది సడలి, విశ్రాంతి తీసికొన్నకొలది హెచ్చు నొప్పి. ఇది పని వలన వచ్చినది కాదు. ఇది కీళ్ళవాతపు జాతికి చెందిన వ్యాధి. పలువురకు ఇది తేలునప్పటికి ఏండ్లు గడచిపోవును, అంతలో పూసలు ఒకదానితోనొకటి అతుకుకొనును. నేడు దీనికి మంచి మందులు కలవు. వీరు కీళ్ళవాతపు వైద్యుని చూడవలెను.

నడుమున పుట్టని నడుము నొప్పులును కలవు. మూత్రపిండములోని రాయి ప్రక్కనుండి గజ్జకు మెలికలు త్రిప్పుచు వచ్చును. రోగి ఒకచోట నిలువలేక పొర్లును. గర్భాశయ వ్యాధులు, క్లోమపు వాపు గూడ నడుమున తెలియును. వయసు మళ్ళిన పొగత్రాగు పురుషునకు ఉన్నట్టుండి కడుపును నడుమును చీల్చునట్టి నొప్పి వచ్చి చెమటలు పట్టినచో పెద్ద రక్తనాళము ఉబ్బి పగులుచున్నదేమో యని తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇప్పుడు ప్రమాద చిహ్నములు. దయచేసి శ్రద్ధగా వినుడు. మన దేశమున వెన్నెముక క్షయ ఇంకను సాధారణమే. 1779లోనే పెర్సివల్ పాట్ అను ఆంగ్ల వైద్యుడు గూనికిని కాళ్ళు చచ్చుబడుటకును గల సంబంధమును వర్ణించినాడు. దగ్గు లేకయే ఇది రావచ్చును. వారముల తరబడి తగ్గని, రాత్రి హెచ్చు నొప్పి, సాయంకాలపు జ్వరము, చెమటలు, బరువు తగ్గుట, వెన్నున ఒక పూస పొడుచుకొని వచ్చుట దీని గుర్తులు. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. నెలల తరబడి విడువక వాడినచో నయమగును. ఆలసించినచో కాళ్ళు పోవును. ఇదివరలో కంతి వ్యాధి వచ్చి తగ్గినవారికి క్రొత్తగా నడుము నొప్పి వచ్చినచో అది మరల ఎముకకు ప్రాకినదేమో చూడవలెను. అన్నింటికంటె తొందర కావలసినది వేరొకటి కలదు. నడుము నొప్పితోపాటు మూత్రము బిగియుట లేక తెలియకుండ పోవుట, మలము పట్టు తప్పుట, గుఱ్ఱపు జీను తగులు చోటు, అనగా తొడల సందు, మర్మస్థానముల చుట్టు స్పర్శ పోవుట, రెండు కాళ్ళును బలము తప్పుట. ఇవి కనబడినచో రేపు చూతమనరాదు. దిగువ నరముల గుత్తి మొత్తము నలుగుచున్నదని అర్థము. గంటలు లెక్కింపవలసిన స్థితి. ఆ రాత్రియే పెద్ద ఆసుపత్రికి పోవలెను. శస్త్రచికిత్స ఆలసించినచో మూత్రపు పట్టు జీవితాంతము తిరిగి రాకపోవచ్చును.

ఈ చిహ్నములు లేని తొంబదిమందికి చికిత్స ఏమి? ఇంటి వైద్యములను మేము ఎగతాళి చేయము. ఉప్పు మూటతో కాపడము మంచిదే, చర్మము కాలకుండ చూచుకొనవలెను. నడుము పట్టినప్పుడు ఎదురుకాళ్ళతో పుట్టినవానిచేత తన్నించుకొను ఆచారము మన ఇండ్లలో నేటికిని కలదు. మూడు దినములు తన్నించుకొన్నచో తగ్గుననుట సత్యమే. తన్నించుకొనకున్నను మూడు నాలుగు దినములలో ఆ పట్టు విడుచును. మెల్లగా కాలు తాకించుటతో వేడుక తీరునేమో గాని, ఎముకలు గుల్లబారిన అవ్వను బలిష్ఠుడైన మనుమడు తన్నుట మాత్రము నిషిద్ధము.

మంచముపై కదలక పడియుండుట మంచిదను నమ్మకము వైద్యులలో గూడ చిరకాలముండెను. 1995లో ఫిన్లండు దేశపు హెల్సింకి నగర ఉద్యోగులలో క్రొత్తగా నడుము పట్టిన వారిని మూడు జట్లుగా చేసి, ఒకరిని రెండు దినములు పండుకొనుమనియు, ఒకరిని వ్యాయామము చేయుమనియు, ఒకరిని చేతనైనంత వరకు మామూలు పనులు చేసికొనుమనియు చెప్పిరి. మామూలు పనులు చేసికొన్నవారే ముందుగా కోలుకొనిరి. కటిక నేలపై పండుకొనవలెనను నియమమునకును ఆధారము లేదు. 2003లో స్పెయినులో 313 మంది దీర్ఘకాల రోగులపై పరీక్షింపగా, గట్టి పరుపు కంటె మధ్యస్థమైన పరుపే మేలని తేలినది. పారాసిటమాల్ మాత్ర క్రొత్త నడుము నొప్పిని త్వరగా తగ్గింపదని 2014లో ఆస్ట్రేలియాలో తేలినది. తక్కిన నొప్పి మాత్రలు కొన్నాళ్ళు పనిచేయును గాని, మందుల షాపులో అడిగి నెలల తరబడి మ్రింగినచో కడుపున పుండును, మూత్రపిండములకు హానియు కలుగును. మధుమేహము, రక్తపుపోటు కలవారు వైద్యుని అడుగక ముట్టరాదు.

తగ్గిన నొప్పి మరల రాకుండ చేయునది నడక. 2024లో ప్రచురింపబడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, నొప్పి తగ్గిన 701 మందిలో సగము మందికి క్రమముగా హెచ్చించుకొనుచు నడువ నేర్పిరి. నొప్పి మరల వచ్చుటకు నడచినవారికి మధ్యరకముగా 208 దినములు పట్టగా, తక్కినవారికి 112 దినములే పట్టినది. ఖర్చు ఒక జత చెప్పులు. ఇంటిపని చాలును గదా, వేరే నడక ఎందుకని స్త్రీలు అడుగుదురు. ఇంటిపనిలో వంగుట, నిలుచుట హెచ్చు, చేతులూపుకొనుచు నడచుట తక్కువ. పైగా ఇంటిలో నడచుచున్నంతసేపును ఎవరో ఒకరు పిలుచుచునే యుందురు.

చింత, నిద్రలేమి, అప్పు, ఉద్యోగపు భయము నొప్పిని పెంచుననియు, నిలుపుననియు నేడు నిశ్చయముగా తెలిసినది. అట్లని నొప్పి మనసులోనిదని కోడలిని ఎగతాళి చేయుట అజ్ఞానము. నరములు నొప్పిని మోసికొని పోవు బాటలోనే చింతయు పోయి చేరును.

ఇక మేము ముందు చెప్పిన మాట సంగతి. మనము తమిళమును, కన్నడమును, మరాఠీని, ఒడియాను బయట చక్కగానే మాటలాడుదుము. కాని నొప్పి వచ్చినప్పుడు నోటికి ఇంటిమాటయే వచ్చును. మనకు పోటు వేరు, సలుపు వేరు, తీపు వేరు, గుంజుట వేరు, మంట వేరు. వైద్యుని యెదుట ఇవన్నియు ఒక్క "నొప్పి"గా మారిపోవును. తమిళమున ఇడుప్పు అన్నచో నడుమును కావచ్చును, తుంటియును కావచ్చును. కావున మాట కంటె చేయి మేలు. నొప్పి మొదలైన చోటును, పోయిన దారిని, ఆగిన చోటును వ్రేలితో చూపుడు. "కాలు లాగుచున్నది" అను మన మాటను మాటకు మాట మార్చి చెప్పినచో కండరము పట్టినదని వైద్యుడు గ్రహింపవచ్చును. తిమ్మిరికి తమిళులు మరత్తుప్పోదల్ అందురు, కన్నడిగులు జోము అందురు. మరాఠీలో ముంగ్యా వచ్చుచున్నవందురు, అనగా చీమలు. మన "చీమలు ప్రాకినట్లు" అన్నదే. ఒడియాలో ఝిమ్ ఝిమ్. స్పర్శ మొద్దుబారుట వేరు, కాలి బలము తప్పుట వేరు. చెప్పు కాలినుండి జారిపోవుచున్నదా, మడమపై నిలువలేకున్నారా యనునది ప్రత్యేకముగా చెప్పుడు. యానాము వారికి ఇంటికడ ఈ చిక్కు లేదు గాని, పుదుచ్చేరికి పోయినప్పుడు వారికిని తమిళము ఎదురగును.

అవ్వను ఆసుపత్రికి తీసికొని పోవునప్పుడు బడికి పోవు మనుమనిని దుబాసిగా పంపుట మన ఇండ్లలో పరిపాటియైనది. వానికి రెండు భాషలును వచ్చును, నిజమే. కాని మూత్రము తెలియకుండ పోవుచున్నదనియు, తొడలసందున స్పర్శ లేదనియు ఏ అవ్వ మనుమనితో చెప్పును? చెప్పదు. నడుము నొప్పి యని మాత్రమే చెప్పి, మాత్రలు తెచ్చుకొని ఇంటికి వచ్చును. కావున కూతురో, కోడలో, పొరుగింటి స్త్రీయో తోడు పోవలెను. ఎవరును లేనిచో ఒక చీటీపై స్థానిక భాషలో నాలుగు సంగతులు వ్రాసియిండు: నొప్పి ఎన్నాళ్ళనుండి, కాలికి దిగుచున్నదా, జ్వరము గాని బరువు తగ్గుట గాని కలదా, మలమూత్రముల పట్టు ఎట్లున్నది. ఇట్టి చీటీని నాలుగు భాషలలోను మేము వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాము. కావలసినవారు సభానంతరము వారినడిగి నకలు తీసికొనవచ్చును. ప్రశ్నలు గలవారు ఇప్పుడు అడుగవచ్చును. పదిమందిలో అడుగ జంకు స్త్రీల కొరకు మేము లోపలి గదిలో మరి అరగంట యుందుము.